యాభై మిల్లీమీటర్ల చప్పుడు

డైరీ ఫార్మ్ మలుపులో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే గణేశ్వరరావుకి నోరు ఊరుకోదు. అద్దం పగిలిందని వచ్చినవాడికి బ్యాటరీ పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పిగాని పంపడు. అలాంటివాడు ఆ రోజు అసిరమ్మ మెట్లెక్కి రావడం చూసి, విప్పుతున్న ఫోను పక్కన పెట్టేసి, మాటా పలుకూ లేకుండా స్టూలు ముందుకు జరిపాడు. అసిరమ్మ మొగుడు జోగులు జంగ్లీఘాట్ నుంచి చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట్లాడే ప్రతి ఇంటికీ ఆ సంగతి తెలుసు. రెండు నెలలు కావస్తోంది.

ఆమె కూర్చోలేదు. చేపల వాసన కొట్టే గుడ్డసంచిలోంచి హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదీ పనికిరాలేదు భయ్యా. ఇంకా పెద్దది చూపించు."

ఆమె ఇందుకోసం రావడం ఇది మూడోసారి. మొదట చెవిలో దూర్చుకునేవి పట్టుకెళ్ళింది. చిక్కుడుగింజంత ఉంటాయి. లోపలి డ్రైవరు పది మిల్లీమీటర్లని అట్టపెట్టె మీద ఉంది. తరవాత చెవుల మీద ఆనించుకునే రకం, నలభై. అసిరమ్మ అక్షరాలైతే కూడబలుక్కోవాలి గాని అంకెలతో ఏ ఇబ్బందీ లేదు. పదికన్నా నలభై పెద్దదైనప్పుడు నలభైకన్నా పెద్దది ఎక్కడో ఉండే ఉంటుంది. అది తెచ్చుకుంటే సరిపోతుంది.

"దీదీ, సునో. పోయినసారే చెప్దామనుకున్నాను," అన్నాడు గణేశ్వరరావు. "సైజ్ పెంచుకుంటూ పోతే ఆవాజ్ బాగుపడిపోతాదని ఏమీ లేదు."

"ఎందుకు పడదు? బోటుకి ఐదు హార్స్‌పవర్ ఇంజినేస్తే ఒక లెక్క, పది ఏస్తే ఇంకో లెక్క. పెద్దదైతే దూరం లాగుతాది. అంతే కదా."

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. కాని ఆ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి మరోలా ఎలా ఆలోచిస్తుంది? వాళ్ళ తాతలు శ్రీకాకుళం తీరం నుంచి తెరచాప గుడ్డలూ గేలాలూ మూటగట్టుకుని ఓడెక్కి వచ్చినప్పటి నుంచీ అక్కడ మంచీ చెడూ అన్నీ కొలతతోనే తేలుతున్నాయి. వల ఎంత, గేలం ఎంత, ఐస్‌పెట్టె ఎంత, ఇంజిన్ ఎంత. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా కుర్రవాడి కన్నా ముందు బోటు చూసి వస్తారు. పెద్దదాంట్లోంచి చిన్న ఫలితం రావడం అసిరమ్మ ఎప్పుడూ చూడలేదు.

గణేశ్వరరావు బల్ల కింద వెతికి, విరిగిపోయిన హెడ్‌ఫోను ఒకటి తీశాడు. గోరుతో దిండు ఊడదీసి లోపలి గుండ్రటి బిళ్ళ చూపించాడు.

"ఇదిగో, దీన్నే డ్రైవర్ అంటారు. పైన ఉల్లిపొరలాంటిది కనబడతాందా? వెనకాల చుంబక్ ఉంటాది, అదే, అయస్కాంతం. కరెంటొచ్చినప్పుడు ఈ పొర ముందుకీ వెనక్కీ ఊగి గాలిని నెడతాది. ఆ గాలే మనకి ఆవాజ్. పొర పెద్దదైతే ఎక్కువ గాలి నెట్టగలదు. అందుకని బరువు ఆవాజ్‌లుంటాయి చూడు, ఢోలక్, ఇంజిన్, అలాటివి, అవి బాగా వస్తాయి. మనిషి మాట సాఫ్‌గా రావాలంటే సైజొక్కటే చాలదు దీదీ. పొర దేంతో చేశారు, ఎలా బిగించారు, దిండు చెవికి గట్టిగా అతుక్కుందా లేదా, కంపెనీవాడు ఏ ఆవాజ్ పెంచాడు, ఏది నొక్కేశాడు, ఇవన్నీ కలవాలి. బాగా చేసిన చిన్నది, నాసిరకం పెద్దదాన్ని ఓడించేస్తాది."

"సరే. ఆయన మాట ఎందులో సాఫ్‌గా వస్తాదో అదే ఇయ్యి."

గణేశ్వరరావు ఊడదీసిన దిండు మళ్ళీ తొడిగాడు. జోగులు చివరిసారి ఆమె ఫోనుకి పంపిన ఆ వాయిస్ మెసేజీ అతను విన్నాడు. మొదటిసారి ఆమె వచ్చినప్పుడే తన కంప్యూటర్లో ఎక్కించుకుని, గాలి చప్పుడు తగ్గించే సాఫ్ట్‌వేర్లు వేసి, సాయంత్రం దాకా కుస్తీ పట్టాడు. గాలితోపాటు మాట కూడా చెరిగిపోయింది.

"మైకులో పడని మాట ఎందులోనూ రాదు దీదీ. గాలొచ్చి మైకునే కొట్టేసింది. లోపల లేనిదాన్ని ఎంత ఖరీదైన హెడ్‌ఫోనైనా పుట్టించలేదు."

"లేదని నీకేటి తెల్సు?"

గొంతులో కోపం లేదు. టికెట్ కౌంటర్లో షిప్పు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. కోప్పడితే బాగుండునని అనిపించింది గణేశ్వరరావుకి. అతను బల్ల అద్దం వైపు చూశాడు. అద్దం మీద రక్తం బొట్లు పడుతున్నాయి.

"అరె! దీదీ, చెయ్యి!"

అసిరమ్మ తన చెయ్యి ఎత్తి చూసుకుంది. చూపుడువేలు పక్కన లోతుగా తెగి ఉంది. పొద్దున సూరమీను కోస్తున్నప్పుడు కత్తి జారినట్టు గుర్తు. డైరీ ఫార్మ్ ఎక్కి వచ్చేదాకా దాని సంగతే తెలియలేదు. గణేశ్వరరావు కంగారుగా గుడ్డపీలిక చుట్టి, వైర్లకి వాడే టేపుతో బిగించాడు. నొప్పిగా ఉందా అని అడిగితే లేదంది. నిజంగానే లేదు. ఈ మధ్య ఒంట్లో ఏదీ తనదిలా లేదు. వేడి టీ తాగితే నాలుక కాలదు, వాన పడితే తడిసినట్టుండదు. ఏడవమని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒళ్ళో పడేసుకుని వీపు నిమిరితే, వాళ్ళ చేతులు బరువుగా ఉన్నాయని మాత్రం తెలిసింది.

గణేశ్వరరావు నిచ్చెనేసి పై అరలోంచి ఒక నల్ల డబ్బా దింపాడు. వీడియో గేములాడే కుర్రాడెవడో కొనుక్కుని, తల నొక్కేస్తోందని తిరిగి ఇచ్చేసిన హెడ్‌ఫోను. కొబ్బరిచిప్పలంత గిన్నెలు, మందపాటి దిళ్ళు, చెవిని మొత్తం మింగేస్తాయి.

"యాభై. నా కొట్లో ఇంతకన్నా పెద్దది లేదు. తీసుకెళ్ళి విను, విని తిరిగిచ్చెయ్యి. పైసలు మాట్లాడకు," అన్నాడు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి మళ్ళీ అన్నాడు, నోరు ఊరుకోదుగా. "దీదీ, మాట కోసం మాత్రం ఆశ పెట్టుకోకు. ఇది ఇంజిన్ ఆవాజే పెంచుతాది."

ఆమె వినిపించుకోలేదు. వినిపించుకున్నా నమ్మేది కాదు.

*

ఆ వాయిస్ వచ్చిన రోజు అసిరమ్మ ఇంటి వెనక చేపలు శుభ్రం చేస్తోంది. జోగులు పొద్దు పొడవక ముందే ఒక్కడూ బయల్దేరాడు. ఎప్పుడూ తోడెళ్ళే మేనమామ నూకయ్యకి ఆ రోజు జ్వరం. చిడియాటాపు దాటి దక్షిణంగా వెళ్ళి గేలాలేసుకుని సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు. మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ రాత అంటే బద్ధకం. ఏది చెప్పుకున్నా వాట్సాప్‌లో వాయిసే. చిడియాటాపు దగ్గరికొస్తే టవరు అందుతుంది కాబట్టి, తిరుగుదారిలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి పంపుతూనే ఉంటాడు. ఐస్ చెప్పి ఉంచమనో, పెద్ద గోరపారలు పడ్డాయనో.

ఆ మధ్యాహ్నం ఫోను మోగితే, పొలుసులు అంటుకున్న చేతి మణికట్టుతో నొక్కి విన్నది. "ఒలే అసిరీ" అన్న పిలుపు తెలిసింది. ఆ తరవాత బట్ట చింపుతున్నట్టు గాలి. ఆ గాలి వెనకెక్కడో మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు, ఒక్క ముక్క తెలియడం లేదు. ఎలాగూ వస్తున్నాడు కదా, వచ్చాక అడగొచ్చులే అనుకుంది. ఫోను అరుగు మీద పెట్టేసి మళ్ళీ కత్తి అందుకుంది.

సాయంత్రం వాన పట్టుకుంది. జోగులు రాలేదు.

కోస్ట్ గార్డు వాళ్ళు గాలించారు. ఒడ్డున ఉన్న బోట్లన్నీ గాలించాయి. రట్‌లాండ్ దీవి దగ్గర నీలంరంగు ఐస్‌పెట్టె మూత ఒకటి తేలుతూ కనబడింది. వాళ్ళ పెట్టె కూడా నీలమే, కాని ఆ ఒడ్డున సగం పెట్టెలు నీలమే. అసిరమ్మ ఫీనిక్స్ బే జెట్టీకి రోజూ వెళ్ళి, దక్షిణాన ఉన్న హట్ బే నుంచి వచ్చే ప్రతి షిప్పు కింద నిలబడి, దిగిన ప్రతి ఖలాసీనీ అడిగింది. దారిలో బోటు కనబడిందా భయ్యా, పసుపుపచ్చ అంచు, నీలం పెట్టె. మొదట్లో వాళ్ళు ఆగి జవాబు చెప్పారు. పోనుపోను తల అడ్డంగా ఊపుతూ నడుస్తూనే చెప్పారు. తరవాత ఆమే మానుకుంది.

మానలేనిది ఒక్కటే. ఆ వాయిస్‌లో ఏమన్నాడు? బోటులోకి నీళ్ళొస్తున్నాయి, ఎవరినైనా పంపు అన్నాడేమో. ఇంజిన్ ఆగిపోయింది, ఫలానా చోట ఉన్నాను అన్నాడేమో. అతను కేకలేస్తుంటే తను కూర్చుని చేపలు తోముకుందేమో. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.  అది తేలేదాకా తను ఏడవడానికి కూడా అర్హురాలు కాదని మాత్రం గట్టిగా అనుకుంది.

*

ఆదివారం పొద్దున నూకయ్య వచ్చాడు. గుమ్మం పక్కన గోనెపట్టా మీద కూర్చుని, అక్క యర్రమ్మ ఇచ్చిన టీ గ్లాసు అలాగే పట్టుకున్నాడు. యర్రమ్మ జోగులు తల్లి. కొడుకు పోయాక ఆమె మంచం ఇంట్లోంచి అరుగు మీదికి మారింది. అక్కడినుంచి నీళ్ళు కనబడతాయి.

"అమావాస్య దాటకుండా చేసీయాలమ్మా," అన్నాడు నూకయ్య. "మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి ఆ కార్యమంతా నడిపిత్తారు. పంతులుతో మాటాడినాను. నువ్వు ఊఁ అంటేనే. నీ మీద జబర్దస్తీ నేదు."

అసిరమ్మ చేతి గాజుల వైపు చూసుకుంది. ఊఁ అంటే అవి ఉండవు. అందుకు బాధగా ఉందా అని తనలో తాను వెతుక్కుంది. ఏమీ దొరకలేదు.

"మాట ఇన్నాక చెప్తాను మావా."

"ఏ మాటే? ఆ గాలి మాటా?" యర్రమ్మ అరుగు మీదినుంచే అందుకుంది. "రెండు నెల్ల నుంచీ ఇంటన్నావు. డబ్బాలు మారుత్తన్నావు. నా కొడుకు ఉప్పునీళ్ళలో పోయి గుక్కెడు మంచినీళ్ళకి ఏడుత్తన్నాడే! నీళ్ళు ఒదిలే చెయ్యి నేక తిరుగుతన్నాడే! ఆడికి నీళ్ళు ఒదలనియ్యవేటే?"

"ఊరుకో అప్పా," అన్నాడు నూకయ్య. తరవాత అసిరమ్మ వైపు తిరిగి, మెల్లగా, "ఏటంటాడమ్మా ఆడు? ఐసో, చేపలో. ఏ పూటైనా ఇంకోటన్నాడేటి?" అన్నాడు. ఆ రోజు జ్వరం రాకపోతే తనూ ఆ బోటులో ఉండేవాణ్ణన్నది అతని మొహం మీద రాసే ఉంది. టీ తాగకుండానే లేచాడు. సాయంత్రం మళ్ళీ వస్తాను, అప్పటికి ఏదో ఒకటి చెప్పమని వెళ్ళిపోయాడు.

 మధ్యాహ్నం యర్రమ్మ పొయ్యి దగ్గర చిన్న గిన్నె కనబడేలా పెట్టి, షాదీపూర్‌లో మరదలింటికి వెళ్ళింది. అన్నం వండమని చెప్పే పద్ధతి ఇప్పుడు అదే. ఆమె గిన్నె పెడితే అసిరమ్మ వండుతుంది. పెట్టకపోతే వండదు.

ఇదివరకు అలా కాదు. ఆ ఇళ్ళ వరసలో అన్నం ఎక్కించడానికి గడియారం చూసే ఇల్లే లేదు. బోటు మూల తిరిగి లోపలికి వచ్చేసరికి ఇంజిన్ చప్పుడు నీళ్ళ మీదుగా ఇళ్ళలోకి వస్తుంది. ఎవరి బోటు చప్పుడు వాళ్ళకి తెలుసు. చప్పుడు వినబడగానే ఆ ఇంటి ఆడమనిషి, చేతిలో ఏ పనున్నా వదిలేసి, లేచి బియ్యం కడుగుతుంది. బోటు కట్టి, సరుకు దింపి, మగాడు కాళ్ళు కడుక్కునే వేళకి గంజి వార్చడానికి సిద్ధంగా ఉంటుంది. బోటు ఖాళీగా వస్తోందా బరువుతో వస్తోందా అన్నది కూడా చప్పుడే చెప్పేస్తుంది. ఖాళీ బోటు ఇంజిన్ గలగలమంటూ తేలికగా పరిగెడుతుంది. చేపతో నిండిన బోటుది కిందికి దిగిన గొంతు, ఒక్కో దెబ్బా విడిగా, నింపాదిగా పడుతుంది. కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల ఈ చప్పుడు పట్టుకోవడం నేర్చేదాకా అత్తగారి దెప్పుళ్ళు తప్పవు. అసిరమ్మకి యర్రమ్మ చెప్పాల్సిన పని పడలేదు. జోగులు బోటు సైలెన్సర్ గొట్టం ఎప్పుడో చిట్లితే, పాలపొడి డబ్బా రేకు చుట్టి కట్టుతీగ బిగించాడు. ప్రతి దెబ్బ వెనకా ఆ రేకు టిక్కుమనేది. మార్పించమని అందరూ చెప్పినా మార్పించలేదు. నా పెళ్ళానికి ఆనవాలుండాలి కదా అని నవ్వేవాడు.

ఇప్పుడూ సాయంత్రాలు బోట్లొస్తున్నాయి. వరసలో పొయ్యిలు వెలుగుతున్నాయి. అసిరమ్మ చెవిలో ఆ చప్పుళ్ళు పడుతున్నాయి గాని, లోపలికి దిగడం లేదు. పెద్ద తపేలా గోడ మీద బోర్లించింది బోర్లించినట్టే ఉంది.

*

అత్త వీధి మలుపు తిరిగేదాకా చూసి, అసిరమ్మ నల్ల డబ్బా విప్పింది.

వంటింటి గోడకి ఆనుకుని కూర్చుని, వైరు ఫోనుకి గుచ్చి, ఆ పెద్ద చిప్పలు చెవులకి పెట్టుకుంది. దిళ్ళు చెవి చుట్టూ బిగిసేసరికి బయటి లోకం మూసుకుపోయింది. పక్కింటి టీవీ లేదు, కాకులు లేవు, ఒడ్డున అల లేదు. వేలికున్న టేపు అడ్డుపడుతుంటే పక్కవేలితో నొక్కింది.

"ఒలే అసిరీ."

ఇంత దగ్గరగా ఎప్పుడూ వినబడలేదు. ఆ తరవాత గాలి వచ్చింది. ఇదివరకు చింపిన బట్టలా ఉండేది, ఇప్పుడు తలుపు మీద పడి బాదుతున్నట్టు దడదడలాడింది. మాట అందులో ఎక్కడో మునిగిపోయింది. మొదటి చిన్నవాటిలోనే కాస్తో కూస్తో గొంతు గీర తెలిసేది. ఇందులో అదీ లేదు. గణేశ్వరరావు చెప్పినట్టే అయింది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. పెద్దది పెద్ద పనికి రాలేదు. ఇంతకన్నా పెద్దది లేదు కూడా. ఇక ఎక్కే మెట్టు లేదని తెలిశాక దుఃఖం రావాలి. రాలేదు. బల్ల మీద పెట్టిన చేపలా కూర్చుని, వినడానికి ఏమీ లేదని తెలిసి, ఊరికే, ఆపడానికి బద్ధకంగా ఉండి మళ్ళీ నొక్కింది. ఈసారి మాట కోసం వెతకలేదు.

వెతకడం మానేసరికి, గాలి అడుగున ఉన్నది పైకొచ్చింది.

డబ్. టిక్. డబ్. టిక్.

ఫోను సొంత గొంతులో అది ఏ రోజూ లేదు. చిక్కుడుగింజల్లో లేదు. నలభైలో ఉన్నా పల్చటి దిళ్ళ సందుల్లోంచి జారిపోయి ఉంటుంది. ఇందులో మాత్రం చెవికన్నా ముందు దవడ ఎముకకి తెలిసింది. నేల మీద ఆనించిన అరికాలికి కూడా తెలిసినట్టే ఉంది. కిందికి దిగిన గొంతు. ఒక్కో దెబ్బా విడిగా, నింపాదిగా. వెనకే రేకు.

అది ముగిసింది. ఆమె మళ్ళీ నొక్కింది. ముగిసింది. మళ్ళీ నొక్కి, ఫోను జాకెట్లో దోపుకుని, లేచి నిలబడింది.

లేచినట్టు ఆమెకి తెలియదు. గోడ మీదినుంచి పెద్ద తపేలా దింపింది. దుమ్ము పట్టి ఉంటే తొలిచింది. బియ్యం డబ్బాలోంచి ఎప్పుడూ పోసినట్టే పోసింది, కడిగింది, కడుగునీళ్ళు మొక్క మొదట్లో వంపింది, ఎసరు పెట్టి గ్యాసు ముట్టించింది. చెవులకి ఆ చిప్పలు అలాగే ఉన్నాయి. వాయిస్ ఆగిపోయి చాలాసేపయింది. పచ్చిమిరపకాయలు తీసి ముచ్చికలు తుంచింది. జోగులికి అన్నంలోకి పచ్చిమిరపకాయ ఉండాలి. నీళ్ళ చెంబు నింపి గుమ్మం పక్కన పెట్టింది, కాళ్ళు కడుక్కోవడానికి.

చెంబు పెట్టి వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది.

గుమ్మంలో రెండు కాళ్ళు. ముడతలు పడ్డ పాదాలు, వెండి కడియాలు. తల ఎత్తితే యర్రమ్మ. ఆమె నోరు కదులుతోంది. అసిరమ్మ హెడ్‌ఫోను మెడలోకి లాక్కుంది.

"ఎవులికే అంత అన్నం?" అంటోంది యర్రమ్మ. ఆమె చూపు పెద్ద తపేలా మీద ఉంది. "ఎవులొత్తన్నారే?"

అసిరమ్మ తపేలా వైపు చూసింది. చెంబు వైపు చూసింది. మిరపకాయల వైపు చూసింది. ఇవన్నీ ఎవరు చేశారో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"బోటు చప్పుడు ఇనబడింది అత్తా," అంది.

యర్రమ్మ కొట్టడానికన్నట్టు చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. కోడలి మొహంలో రెండు నెలలుగా లేనిదేదో కనబడిందామెకి.

"బోటుకేటీ కాలేదు అత్తా. ఆ వాయిస్ పెట్టినప్పుడు ఇంజిన్ బాగుంది. ఆగనేదు, దగ్గనేదు. బరువుతో వస్తంది. పెట్టె నిండిపోయింది. ఇంటికే వస్తన్నాడు." అసిరమ్మ గొంతు సన్నబడుతూ పోయింది. "సాయం కావాలని అరవలేదత్తా. నాను ఇనకుండా ఒదిలీలేదు. అన్నం ఎక్కించమని చెప్పుంటాడు. అంతే చెప్పుంటాడు. వాన తరవాతొచ్చింది."

యర్రమ్మ చెయ్యి చాపింది. అసిరమ్మ ఆ పెద్ద చిప్పలు అత్త నెరిసిన తల మీద పెట్టి, రెండు పక్కలా అరచేతులతో అదిమి పట్టి, ఫోను నొక్కింది. యర్రమ్మకి చెవులు మందం. మనుషుల మాటలే సగం అందవు. పిలుపు ఆమెకి వినబడిందో లేదో. కాసేపటికి మాత్రం ముసలామె కుడిచెయ్యి మోకాలి మీద మెల్లగా కొట్టుకోవడం మొదలెట్టింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య గోటితో చిన్న టిక్కు. వాయిస్ అయిపోయినా ఆ చెయ్యి ఆగలేదు.

"నిండా తెత్తన్నాడు," అంది యర్రమ్మ. "నా కొడుకు నిండా తెత్తన్నాడే."

పొయ్యి మీద మూత ఎగిరెగిరి పడుతోంది. యర్రమ్మ అటు తల తిప్పి, ఏనాడూ ఏమీ జరగనట్టు, ప్రతి సాయంత్రం అన్నట్టే అంది.

"గంజి వార్చు. మెత్తబడిపోతాది."

అసిరమ్మ వెళ్ళి తపేలా దించింది. మూత మీద గుడ్డ వేసి వంచింది. అలవాటు తప్పిన చెయ్యి, వేలికి టేపు. మూత జారి, సలసల కాగే గంజి మణికట్టు మీద పడింది.

"అమ్మా!" అని అరిచింది.

కాలింది. నిజంగా కాలింది. మంట చెయ్యంతా పాకి భుజం దాకా వచ్చింది. దాని వెనకే మొన్న తెగిన వేలు కూడా సలపడం మొదలెట్టింది. అరుపు ఆగలేదు. అమ్మా అన్నది ఓ అయింది, ఓ అన్నది అతని పేరైంది. కింద కూలబడి, తల నేలకేసి, ఆ ఇల్లు దద్దరిల్లేలా అసిరమ్మ ఏడ్చింది. పక్కిళ్ళవాళ్ళు పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయారు. యర్రమ్మ వాళ్ళని లోపలికి రానివ్వలేదు. చెంబులో నీళ్ళు తెచ్చి కోడలి చేతి మీద ధారగా పోస్తూ కూర్చుంది. కాళ్ళు కడుక్కోవడానికి పెట్టిన నీళ్ళవి.

సాయంత్రం నూకయ్య వచ్చేసరికి మూడు కంచాలు వేసి ఉన్నాయి. మూడోదానిలో అన్నం మీద ఒక పచ్చిమిరపకాయ ఉంది. అతను దాని ముందు నిలబడిపోయి, కూర్చోవాలో వద్దో తెలియక అక్క వైపు చూశాడు.

"కూకో," అంది యర్రమ్మ. "నువ్వూ ఆ బోటోడివే."

నూకయ్య కూర్చున్నాడు. తినలేక, తినక మానలేక, ముద్ద కలిపి పెట్టుకున్నాడు. అసిరమ్మ ఉప్పందించింది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి, మణికట్టు మీద చర్మం ఎర్రగా పొక్కింది.

"పంతులికి చెప్పు మావా," అంది. "అమావాస్య ముందే పెట్టించు."

నూకయ్య తల ఊపాడు. బయట ఎవరిదో బోటు మూల తిరిగింది, ఖాళీగా, గలగలమంటూ. పక్కింట్లో ఎవరో బియ్యం కడుగుతున్నారు.